నెహ్రూ ప్లేస్‌లో ఒక మధ్యాహ్నం

అధికారిక పర్యటనపై దేశ రాజధానికి వెళ్ళే మన ఉద్యోగులు తీరిక చిక్కితే ఎర్రకోటనో, కుతుబ్ మీనారునో చూసి రావడం పరిపాటి. దక్షిణ ఢిల్లీలో కల్కాజీ ఆలయానికీ, 1986లో నిర్మాణం పూర్తయిన పద్మాకార బహాయీ మందిరానికీ చేరువలో, యాత్రా దర్శినులు అంతగా పట్టించుకోని మరో చూడదగిన చోటు ఉంది. అదే నెహ్రూ ప్లేస్. దేశంలోని పేరుపొందిన కంప్యూటర్ బజార్లలో ఇది ఒకటి. 2025 డిసెంబరులో కార్యాలయ సమావేశం ముగిశాక, రాత్రి రైలుకు వ్యవధి ఉండటంతో అక్కడ ఒక మధ్యాహ్నం గడిపే అవకాశం లభించింది. ఆ విశేషాలను మన పత్రిక పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాస ఉద్దేశం.

ఈ ప్రయాణానికి ఒక గృహ కారణం కూడా ఉంది. ఇంటర్మీడియట్ చదువుతున్న మా అబ్బాయి తీరిక వేళల్లో ‘ఫోర్జా హొరైజన్ 5’ అనే కారు పందేల ఆట ఆడుతుంటాడు. 2021లో వెలువడిన ఈ ఆటకు కనీసం 8 గిగాబైట్ల ర్యామ్ ఉండాలనీ, 16 ఉంటే మేలనీ తయారీదారులు సూచించారు. మా యంత్రంలో ఉన్నది 8 మాత్రమే. ఆట ఆగి ఆగి నడుస్తున్నదనీ, కొత్త కంప్యూటర్ కొనాలనీ అతని కోరిక. ఇంటి అప్పు వాయిదాలు కడుతున్న రోజుల్లో అది మాకు శక్తికి మించిన ఖర్చు. ఉన్న యంత్రానికే ర్యామ్ పెంచితే సరిపోతుందా అన్నదే తేలవలసిన ప్రశ్న.

కేంద్రీయ సచివాలయం స్టేషనులో వయొలెట్ లైను మెట్రో రైలు ఎక్కితే, కైలాశ్ కాలనీ తరువాత వచ్చేదే నెహ్రూ ప్లేస్. ఈ మార్గం 2010 అక్టోబరులో ప్రారంభమైంది. స్టేషను నుంచి కొద్ది దూరం నడిస్తే బజారు చేరుకోవచ్చు. వాహనాలు రాని విశాలమైన రాతి ప్రాంగణం, దాని చుట్టూ బహుళ అంతస్తుల భవనాలు, వాటి కింద వరుసగా దుకాణాలు. ఒక పక్క బట్టల తానులు, మరో పక్క కీబోర్డులు, తీగలు, ప్రింటర్ సిరా సీసాలు. ప్రాంగణంలో అడుగుపెట్టగానే “ల్యాప్‌టాపా సార్? రిపేరా సార్?” అంటూ కుర్రవాళ్ళు చుట్టుముడతారు. వారిని దాటుకొని పై అంతస్తుకు వెళితే విడిభాగాల చిన్న దుకాణాలు కనిపిస్తాయి.

అటువంటి ఒక దుకాణంలో వృద్ధుడైన యజమాని ధర చెప్పక ముందే నాలుగు ప్రశ్నలు వేశారు. “డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా? డీడీఆర్ ఎన్నోది? ఎన్ని స్లాట్లు ఖాళీ? ఆట ఆడేటప్పుడు మెమరీ ఎంత నిండుతోంది?” మా అబ్బాయి ఫోనులో పంపిన వివరాలు ఆ వేళ అక్కరకు వచ్చాయి. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజరులో చూస్తే మెమరీ దాదాపు నిండిపోతున్నది. గ్రాఫిక్స్ కార్డుకు మాత్రం ఇంకా ఖాళీ ఉన్నది. “అయితే కొరత మెమరీదే. గ్రాఫిక్స్ కార్డే అలసిపోతుంటే ఎంత ర్యామ్ వేసినా డబ్బు దండుగ” అని ఆయన తేల్చారు.

ఆ తరువాత వివిధ తరాల ర్యామ్ స్టిక్కులను బల్లపై పరిచి చూపారు. డెస్క్‌టాప్‌లో వాడే డీడీఆర్3కు 240 పిన్నులు, డీడీఆర్4కు 288. డీడీఆర్5కు కూడా 288 పిన్నులే అయినా, మధ్యనున్న గాటు వేరొక చోట ఉంటుంది. అందువల్ల ఒక తరానిది మరో తరం స్లాటులో దిగదు. బలవంతం చేస్తే విరిగేది మదర్‌బోర్డే. విద్యుత్తు అవసరం కూడా వేరు: డీడీఆర్3కు సాధారణంగా 1.5 వోల్టులు, డీడీఆర్4కు 1.2, డీడీఆర్5కు 1.1. వేగం వేరైన రెండు స్టిక్కులు కలిపితే రెండూ తక్కువ దాని వేగంతోనే నడుస్తాయి. ఒక్కొక్కప్పుడు అసలు పొసగవు. ఒకే రకం స్టిక్కులు రెండింటిని సరైన జంట స్లాట్లలో అమర్చితే, ప్రాసెసరుకు రెండు దారులు తెరుచుకొని సమాచార రవాణా సామర్థ్యం రెట్టింపవుతుంది. ఏవి జంట స్లాట్లో మదర్‌బోర్డు పుస్తకంలో ఉంటుంది.

మా బేరం సాగుతుండగా బీహారు నుంచి వచ్చిన ఒక విద్యార్థి తన పలుచని ల్యాప్‌టాప్ తెచ్చి, “అంకుల్, దీనికి 8 జీబీ వేయండి” అన్నాడు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బట. యజమాని అడుగు మూత విప్పి చూసి తల అడ్డంగా ఊపారు. మెమరీ చిప్పులు బోర్డుకే అతికించి ఉన్నాయి. అదనపు స్లాటు లేదు. “బేటా, దీనికి ఎవరూ వేయలేరు. వేస్తానన్నవాడికి డబ్బు ఇవ్వకు” అని, మూత బిగించి, రూపాయి తీసుకోకుండా పంపించారు. కుర్రవాడి ముఖం చిన్నబోయినా జేబులోని సొమ్ము మిగిలింది. అమ్ముకొనే వస్తువు ఎదురుగా ఉండగా వద్దని చెప్పిన ఆ మాట మాకు ఆ రోజు కనిపించిన అన్నిటికంటె విలువైనదిగా తోచింది.

2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కేంద్రాలకు చిప్పుల గిరాకీ పెరిగి మెమరీ ధరలు ఎగబాకాయి. కనుక సరిపడని స్టిక్కు కొనడం చిన్న నష్టం కాదు. పాత స్టిక్కుపై ఉన్న చీటీ ఫోటోతో సరిపోల్చి, డీడీఆర్4, 2666 వేగం గల 8 గిగాబైట్ల స్టిక్కును యజమాని ఎంపిక చేశారు. తమ యంత్రంలో పెట్టి నడిపి చూపి, స్టిక్కు వరుస సంఖ్యతో సహా బిల్లు రాసి ఇచ్చారు. ఇంటికి చేరాక కరెంటు ప్లగ్గు తీసివేసి, లోహపు చట్రాన్ని తాకి, అబ్బాయే స్వయంగా దాన్ని అమర్చాడు. ఆట తడబాటు చాలావరకు తగ్గింది. కొత్త కంప్యూటర్ ప్రస్తావన ప్రస్తుతానికి సద్దుమణిగింది.

నెహ్రూ ప్లేస్ చూడదలచినవారు ఆదివారం కాకుండా చూసుకోవాలి. ఆ రోజు చాలా దుకాణాలు తెరవరు. అంత దూరం వెళ్ళలేనివారికి సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలో రిచీ స్ట్రీట్ ఉన్నాయి. ఏ బజారుకు వెళ్ళినా ముందుగా మన యంత్రం సంగతి మనం తెలుసుకొని వెళ్ళాలి. ఏది కొనాలో తెలిసినవాడికి బజారు సగం పని చేసి పెడుతుంది; ఏది కొనకూడదో కూడా తెలిస్తే మిగతా సగం తానే చేసుకోగలడు.