వాల్వుల పెట్టె

హనుమకొండలోని సుబేదారి ప్రాంతమునకు ఆ పేరు నిజాముల కాలపు సుబేదారుల వలన కలిగినది. కచేరీలు, కళాశాల, వకీళ్ల ఇండ్లు అచ్చట హెచ్చు. ఒక వీథి చివర, రేకుల పంచలో, ఒక వృద్ధుడు చిరకాలము మైకుసెట్లు అద్దెకిచ్చి జీవించెను. పెండ్లియైనను, బతుకమ్మ పండుగయైనను, ఎన్నికల సభయైనను ఆయన బాకాలు చెట్టుకొమ్మల కెక్కవలసినదే. క్రొత్త యంత్రములు వచ్చిన పిదప ఆ వ్యాపారము సన్నగిల్లెను. తుదకు ఒక ఇనుప పెట్టె మాత్రము మిగిలినది. పాత సామానుల వర్తకుడు దానిని చేతితో ఎత్తి చూచి, తూకము లెక్కన తొమ్మిది వందల రూపాయలిత్తునని చెప్పి పోయెను.

మరునాడు ఒక యువకుడు వచ్చెను. అతడు కచేరీలో గుమాస్తా. సాయంకాలములందు గిటారు వాయించును. ద్విచక్ర వాహనమునకై కూడబెట్టిన సొమ్ము అతని జేబులో నుండెను.

విద్యుత్తుతో పనిచేయు గిటారును ఊరక మీటినచో దోమ రొదవలె వినబడును. తీగ కంపనము అయస్కాంతపు చుట్టలో స్వల్ప విద్యుత్తుగా మారును. దానిని పెంచి స్పీకరుకు అందించు సాధనము వేరుగా నుండవలెను. పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతమును పలికించినది ఇట్టి విద్యుత్ మాండొలిన్ మీదనే. ఆ వాద్యమును గూర్చి పెదవి విరిచినవారు సైతము పిదప ముందు వరుసలో కూర్చుండి వినిరి.

స్వరమును పెంచు పనిని పూర్వము వాల్వులు చేసెడివి. 1906లో అమెరికా దేశీయుడగు లీ డి ఫారెస్టు మూడు ధ్రువముల వాల్వును నిర్మించెను. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో సన్నని తీగ ఎఱ్ఱగా కాలును. ఆ వేడికి ఎలక్ట్రానులు వెలువడి ఎదుటి రేకు వైపు పరుగెత్తును. నడుమ జల్లెడవంటి తీగ యొకటి యుండును. కాలువ తూమును చిన్న పిల్లవాడు కదలించినను పెద్ద ప్రవాహము తగ్గి హెచ్చునట్లు, ఆ జల్లెడకు అందిన స్వల్ప విద్యుత్తు గొప్ప ప్రవాహమును శాసించును. 1947లో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టగా వాల్వులకు రోజులు దగ్గరపడెను. గిటారువాద్యకులు మాత్రము వానిని విడువలేదు. శ్రుతి మించి వాయించినపుడు ట్రాన్సిస్టరు అలల శిఖరములను కత్తితో కోసినట్లు కోయును. వాల్వు మెల్లగా గుండ్రము చేయును. ఆ గరగర కూడ వారి చెవికి ఇంపే. నేటికిని రష్యా, చైనా, స్లొవేకియా దేశములలో వాల్వులు తయారగుచున్నవి.

వృద్ధుడు పెట్టె మూత తీసెను. లోపల రెండు చిన్న వాల్వులు. వానిపై బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారి ముద్ర కలదు. ఆ సంస్థ 1961 నుండి వాల్వులు చేసినది.

“బిడ్డా, దీనిని చూచుటకు కొందువా, వాయించుటకు కొందువా?”

“వాయించుటకే, తాతా. కాని మూడు వేలనుచున్నావు. ఆ వర్తకుడు తొమ్మిది వందలేగదా ఇత్తుననెను?”

“వాడు తూచినది ఇనుమును. నీవు వచ్చినది ఇనుము కొఱకా?”

యువకుడు మారుపలుకక మూడు వేలును లెక్కించి ఇచ్చెను. వృద్ధుడు రెండు మాటలు చెప్పెను: స్పీకరు తగిలింపక మీట వేయరాదు; చాలయేండ్లు నిద్రించిన పెట్టెను ముందుగా ఒక బల్బుతో వరుసగా కలిపియే విద్యుత్తు ఇయ్యవలెను.

మొదటి మాట యువకునికి జ్ఞాపకముండెను. రెండవది ఆత్రములో మఱచెను. ఆ రాత్రియే నేరుగా మీట వేసెను. పెట్టె ఒక్కమారు గుఱ్ఱుమని, కాలిన వాసన వెలిగ్రక్కి, మూగవోయెను. తల్లి వాకిట నిలిచి ఏమియు ననలేదు. అదియే అతనికి మిక్కిలి కష్టమయ్యెను.

తెల్లవారిన పిదప అతడు వృద్ధుని కడకు పోయి జరిగినది దాచక చెప్పెను. వృద్ధుడు కోపింపక, సంచి భుజమున వేసికొని వెంట వచ్చెను. ఫ్యూజు మాత్రము కాలినది. దాని స్థానమున ఎవ్వరైన రాగితీగ చుట్టియుండినచో ట్రాన్సుఫార్మరే బూడిదయ్యెడిది. ఇట్టి పెట్టెలలో 300 వోల్టుల విద్యుత్తు ఉండును. తీగ పెఱికిన పిదప కూడ కండెన్సర్లలో అది నిలిచియుండి ప్రాణము తీయగలదు. కావున తెలియనివారు, బాలురు సరే, పెద్దలును, మూత తెఱవరాదు. వృద్ధుడు ఒక చేయి వీపు వెనుక నుంచుకొని, రెండవ చేతితో నిలువయున్న విద్యుత్తును ఒక నిరోధకము ద్వారా హరించి, ఎండిపోయిన కండెన్సర్లను మార్చెను.

పిమ్మట బల్బును వరుసలో కలిపి మీట వేసిరి. అది భగ్గున వెలిగి, మెల్లమెల్లగా మసకబారెను. “దోషము లేదు,” అని వృద్ధుడు బల్బు తీసివేసెను. వాల్వులలో దీపపు వత్తివంటి వెలుగు పుట్టుటకు అర నిమిషము పట్టెను. యువకుడు తీగను మీటెను. ఆ చిన్న గది నిండినది.

బాకాల ప్రక్క ఏండ్లకొలది నిలిచిన వృద్ధునికి వినికిడి చాల తగ్గియుండెను. ఆయన స్పీకరు పెట్టెపై అరచేయి మోపి, కన్నులు మూసి, పాట ముగియు వరకు అట్లే నిలిచెను.

“ఈ పెట్టెకు కరెంటు ఎంత కాలును?” అని తల్లి వంటింటి నుండి అడిగెను.

వృద్ధునికి ఆ ప్రశ్న వినబడలేదు. “ఇంకొకటి వాయింపుము, బిడ్డా,” అనెను.