ఉన్నది ఉన్నట్టు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మనవాళ్ళు. అమెరికాలో ఇల్లు కొని చూడు అనే మూడో ముక్క చేర్చలేదంటే, పాపం, అప్పటికి వాళ్ళ అల్లుళ్ళెవరూ ఎడిసన్‌లో లేరన్నమాట.

పురిటి సాయానికి వచ్చాను నేను. మనవడికి మూడో నెల వచ్చేసరికి అద్దె ఇల్లు చాలదని అమ్మాయీ అల్లుడూ ఇళ్ళ వేటలో పడ్డారు. రాత్రి భోజనాలయ్యాక వాళ్ళు ఫోన్లో ప్రకటనలు చదవడం, పిల్లాణ్ణి ఒళ్ళో జోకొడుతూ నేను వినడం.

ఇంగ్లీషు రాక కాదండీ, బి.ఏ. చదివినదాన్నే. కానీ ఆ ఇంగ్లీషు వేరు. "కోజీ" అంటే వెచ్చగా, ముద్దుగా ఉంటుంది కాబోలనుకున్నాను. వెళ్ళి చూస్తే మంచం వేశాక మనిషి పట్టేట్టు లేదు. "గుడ్ బోన్స్" అంటే ఎముకలు గట్టివి, తక్కిందంతా పీకి మళ్ళీ కట్టుకోమని. "టీఎల్‌సీ కావాలి" అంటే ప్రేమగా చూసుకోవాలిట. ఆ ప్రేమ ముందు కారే కప్పు మీద చూపించాలి! అసలు అర్థాలు తెలిశాక నాకేం ఆశ్చర్యం కలగలేదు. మన పెళ్ళిళ్ళ పేరయ్య "కుర్రాడు కాస్త నెమ్మది" అంటే మనం ఎలా అర్థం చేసుకుంటాం?

చివరికి 1962లో కట్టిన ఇల్లొకటి అందరికీ నచ్చింది. వెనకాల పెద్ద పెరడు. కరివేపాకు మొక్క ఎక్కడ పెట్టాలో కూడా చూసుకున్నాను. చలికి బతకదని అమ్మాయి అన్నా వినలేదు. ప్రకటన చివర మాత్రం "యాజ్ ఈజ్" అని ఉంది.

"అంటే ఉన్నది ఉన్నట్టు అమ్ముతారు అత్తయ్యగారూ. మనం చెప్పామని ఒక్క మేకు కూడా కొట్టరు" అన్నాడు అల్లుడు.

"మరి చూసుకోనివ్వరా?"

"చూసుకోవచ్చు. ఇన్‌స్పెక్షన్ చేయించి, బాగాలేకపోతే తప్పుకునేలా ఒప్పందంలో షరతు రాయించాను."

ఇన్‌స్పెక్షనంటే మన పంతులుగారు వాస్తు చూసి వెళ్ళడంలాంటిది కాదు. ఆయన టార్చీ పట్టుకుని అటక ఎక్కాడు, కుళాయిలన్నీ తిప్పాడు, కరెంటు పెట్టె మూత ఊడదీశాడు. 1978కి ముందు కట్టిన ఇళ్ళ రంగుల్లో సీసం ఉండొచ్చట. పాకే పిల్లలు ఆ పెచ్చులు నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. అందుకని అమ్మేవాళ్ళు తెలిసినంతవరకూ చెప్పి తీరాలి, పరీక్ష చేయించుకోవడానికి కొనేవాళ్ళకి 10 రోజులు గడువివ్వాలి. తర్వాత రేడాన్ అనే వాయువు. నేలలోని యురేనియం నుంచి పుట్టి కింది గదిలో చేరుతుంది. రంగూ లేదు, వాసనా లేదు. అక్కడ ఊపిరితిత్తుల కాన్సరుకి పొగ తాగడం తర్వాత పెద్ద కారణం ఇదేనట. లీటరు గాలిలో 4 పికోక్యూరీలుంటే గొట్టమూ ఫానూ పెట్టి బయటికి తోలాలి. దాన్ని కొలవడానికి రెండు రోజులపాటు చిన్న పరికరమొకటి పెట్టి ఉంచుతారు. ఇదివరకు ఇళ్ళని వెచ్చబెట్టడానికి వాడిన నూనె ట్యాంకేమైనా పెరట్లో పాతి ఉందా అని వెతకడానికి ఇంకో మనిషి వచ్చాడు. అది కారి మట్టి పాడైతే శుభ్రం చేయించే ఖర్చు కొన్నవాడి నెత్తిన పడుతుందట.

వీళ్ళంతా తలోవైపు తిరుగుతుంటే నేను కింది గదిలో నిలబడిపోయాను. మూడు గోడలు పాత రంగు, ఒక్కదానికి మాత్రం తెల్లగా కొత్త రంగు.

"బాబూ, ఆ ఒక్క గోడకే రంగెందుకు వేసినట్టు?" అన్నాను.

అల్లుడు ఇన్‌స్పెక్టరుకి చెప్పాడు. ఆయన చేతిలోని తేమ కొలిచే యంత్రం ఆనించగానే అది కుయ్యిమంది. గోడ వెనక నీళ్ళు దిగుతున్నాయి.

"మీకెలా తెలిసింది అత్తయ్యగారూ!" అని అల్లుడు తెగ మెచ్చుకున్నాడు. నేను పిల్లాడికి పాలవేళయిందని కారెక్కేశాను.

ఎలా తెలిసిందంటే, నేను ప్రయాణమయ్యే ముందు తెనాలిలో మా పడమటి గది గోడకి రంగు వేయించింది నేనే. ఆ ఇల్లు అమ్మి వీళ్ళకి కాస్త సర్దుదామని మా ఆలోచన. ఏటా వానలకి ఆ గోడ చెమ్మెక్కి పెచ్చులూడుతుంది. కొనే ఆవిడ రిటైరైన టీచరు, ఒంటరిది. బయానా కూడా ఇచ్చేసింది. "గోడలన్నీ బాగున్నాయి కదమ్మా?" అని ఆవిడ అడిగితే, "బంగారంలాంటి ఇల్లండీ" అన్నాను. బంగారానికి చెమ్మ పట్టదుగా!

న్యూజెర్సీలో 2024 నుంచి అమ్మేవాళ్ళు ఇంటి సంగతులన్నీ ఫారంలో రాసివ్వాలిట. "యాజ్ ఈజ్" అన్నా, తెలిసిన లోపం దాచకూడదట. అమ్మాయి ఇది చదివి ఆ గోడవాళ్ళని తిట్టిపోస్తుంటే నేను ఊఁ కొట్టలేక వంటింట్లోకి వెళ్ళాను.

ఆ రాత్రే మావారికి ఫోన్ చేశాను. "ఏమండీ, పడమటి గోడ సంగతి ఆవిడకి చెప్పండి."

"అడిగిందా?"

"నన్నడిగింది."

కాసేపు మాటలేదు. "రిజిస్ట్రేషను ఇంకా వారమే ఉంది, ఇప్పుడెందుకే?" అన్నారు. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు చెబుతామండీ, గోడ తడిశాకా?

చెప్పారు. ఆవిడ మేస్త్రీని తెచ్చి చూపించుకుని యాభై వేలు తగ్గించమంది, తగ్గించాం. ఇక్కడ వీళ్ళు షరతు ప్రకారం తప్పుకుని, కట్టిన డిపాజిట్టు వెనక్కి తెచ్చుకున్నారు. మళ్ళీ రాత్రిళ్ళు ప్రకటనలు చదువుతున్నారు. అమ్మాయికి పెరటి మీద బెంగ ఇంకా తీరలేదు.

మావారు రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు. మూడోరోజు తనే ఫోన్ చేసి, "సరేలే గానీ, ఆ రంగుకీ కూలికీ అయిన రెండున్నర వేలూ దండగ!" అన్నారు.