బీదర్‌లో నేర్చుకున్న పాఠం

మహ్మూద్ గవాన్ మదర్సాను మా విద్యార్థులకు చూపించాలన్న కోరిక మాకు చాలాకాలంగా ఉండేది. గత శీతాకాలంలో పన్నెండుమందిని వెంటబెట్టుకొని, హైదరాబాదు నుండి జహీరాబాదు మీదుగా బీదర్ చేరుకున్నాము. మా వీధిలోని ఒక బాలుడు కూడా మాతో వచ్చాడు. అతనికి పుట్టుకతో వినికిడి లేదు, మాట రాదు. తల్లి ప్రాధేయపడింది, బస్సులో ఒక చోటు ఖాళీగా ఉంది. అందుకే తీసుకువెళ్ళాము, అంతే.

ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుండి వచ్చి, బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయిన గవాన్ 1472లో ఈ మూడంతస్తుల విద్యాలయాన్ని కట్టించాడు. పేలుడులో కొంతభాగం కూలిపోగా, నేడు ఒక్క మినారే నిలిచి ఉంది. దానిపై నీలి, పసుపు, తెలుపు పలకలు ఇంకా మెరుస్తున్నాయి. ఆ రోజుల్లో ఇక్కడ విద్యార్థులకు చదువు, వసతి, భోజనం అన్నీ ఉచితంగానే ఉండేవి. అటువంటి దాత 1481లో అపనిందకు గురై, మన కొండపల్లి వద్ద సుల్తాను ఆజ్ఞతో హతుడయ్యాడు. ఈ విషయాలన్నీ మేము గంటసేపు వివరించాము. ఆ బాలుడు వెనుక నిలబడి గోడవైపు చూస్తూ ఉండిపోయాడు. అతనికేమి అందిందని మేము ఆలోచించనే లేదు.

మధ్యాహ్నం బీద్రీ పనివారి దుకాణానికి వెళ్ళాము. జింకులో కొద్దిగా రాగి కలిపి ఇసుక అచ్చులో పాత్రను పోతపోస్తారు. ఆకురాయితో నునుపు చేసి, చెక్కే గీత కనబడేందుకు మైలుతుత్తం నీరు పూస్తారు. సన్నని ఉలితో లతలు చెక్కి, ఆ గాడిలో వెండితీగను సుత్తితో దిగగొడతారు. చివరకు కోటలోని పాతమట్టిలో నవాసారం కలిపి, వెచ్చజేసిన పాత్రపై రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది.

మా విద్యార్థులు ప్రశ్నలు వేస్తుండగా, ఆ బాలుడు ముందుకు జరిగి ఉస్తాద్ చేతులనే చూడసాగాడు. ఉస్తాద్ మాటలు ఆపి, అతని చేతికి ఉలినిచ్చి, పనికిరాని రేకుపై పట్టు చూపించాడు. మూడోసారికే గీత తిన్నగా వచ్చింది. “మౌలానా సాహెబ్, ఈ పని కళ్ళతోనే నేర్చుకోవాలి. ఇతనికి కళ్ళున్నాయి,” అన్నాడాయన.

మాకు అబస సూరా గుర్తుకు వచ్చింది. మార్గం కోరి వచ్చిన అంధుడైన హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) విషయంలో అల్లాహ్ తన ప్రియప్రవక్త (సఅసం)నే హెచ్చరించాడు. ఏళ్ళ తరబడి ఆ సూరాను బోధించిన మేమే, మా వీధి బాలుణ్ణి బస్సులో ఖాళీ చోటుగా లెక్కించాము.

తిరిగివచ్చాక ప్రతి ఆదివారం మదర్సాలో ఉచిత హస్తకళా శిక్షణ మొదలుపెట్టాము. బీద్రీకి కావలసిన నిప్పు, రసాయనాలు పిల్లలకు తగవు కనుక రాగిరేకుపై నగిషీ, జర్దోజీ కుట్టు, కాగితపు సంచుల తయారీ ఎంచుకున్నాము. మొదటివారం తొమ్మిదిమందే వచ్చారు. సామగ్రి ఎవరిది వారే తెచ్చుకోవాలన్నాము, కూలివారి పిల్లలు రాలేదు. మేడపై పెట్టాము, ఊతకర్రల మీద నడిచే ఒక పెద్దాయన మెట్లు చూసి వెనుదిరిగాడు. జుమా తరువాత మసీదులోనే ప్రకటించాము, హిందూ సోదరులకు, మన స్త్రీలకు కబురే అందలేదు.

రుసుము తీసుకోనంత మాత్రాన తలుపు తెరిచినట్లు కాదని అప్పుడర్థమైంది. సామగ్రి మేమే సమకూర్చాము. ముంగిట్లో చాపలు పరచి, రెండు కుర్చీలు వేశాము. స్త్రీలకు వేరే సమయం కేటాయించి, ఇంటింటికీ వెళ్ళి పిలిచాము. అల్‌హమ్దులిల్లాహ్, ఇప్పుడు ముంగిలి చాలడం లేదు.

రాగిరేకు పని చూపించేది ఆ బాలుడే. అతను చేతులతో చెబుతాడు, అందరూ నిశ్శబ్దంగా చూస్తారు. వారితో పాటు మేమూ చాపపై కూర్చుంటాము. మా గీత ఇంకా వంకరగానే వస్తోంది.