నిద్ర పట్టని వాళ్ల లెక్క

మానసిక ఆరోగ్యం మీద ఏ సర్వే వచ్చినా నేను ముందు వెతికేది పల్లెల లెక్క. నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. మహానగరాల్లో 13.5 శాతం, పల్లెల్లో 6.9. ఆ పన్నెండింటిలో తెలంగాణ లేదనుకోండి. అయినా ఈ అంకెలు చూస్తే పల్లెలోనే ప్రాణం హాయి అనిపిస్తుంది. తెలంగాణలోని వికారాబాద్, తాండూరు చుట్టుపక్కల తిరిగినవాళ్లకు ఆ మాట మింగుడుపడదు.

కుంగుబాటును పట్టుకోవడానికి ఎక్కువగా వాడేది పీహెచ్‌క్యూ-9. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం, నిరాశ ఎలా ఉన్నాయని తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 27లో 10 వచ్చిందంటే మనిషిని పట్టించుకోవాలి. మంచి సాధనమే, ఐదు నిమిషాల పని. నిద్ర ఎందుకు పట్టలేదని మాత్రం అందులో ఎక్కడా అడగరు.

తాండూరు దగ్గర ఒక ఊళ్లో ఆశా కార్యకర్త ఒకామెకు బీపీ చూస్తుంటే పక్కన కూర్చున్నాను. "రందేమన్న పెట్టుకున్నవా అక్కా?" అనడిగింది. "నాకేం రంది లేదు. రాత్రి నిద్ర వడ్తలేదు, గంతే" అంది ఆమె. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ జిరాక్సులు, మడతల దగ్గర చిరిగిన తెల్లకాగితం. ఎన్నడో ఆ కాగితం మీద కొన్న రెండెకరాలు ఇంకా పాత పట్టాదారు పేరు మీదే ఉన్నాయి. కంది వేసేది వీళ్లు, రైతుబంధు ఉన్నప్పుడు ఆ పెట్టుబడి సాయం పడింది వాళ్ల ఖాతాలో. బీపీ ఎక్కువుందని ఆశా రాసుకుంది. మిగతాది రాయడానికి రిజిస్టర్‌లో గడి లేదు.

ఆ గడి ఎలా ఉండాలో నాకు తెలిసింది ఇదే వికారాబాద్ జిల్లాలో 2017లో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ వల్ల. అప్పటి కలెక్టర్ దివ్య దేవరాజన్, సుస్థిర వ్యవసాయ కేంద్రం కలిసి పెట్టారు. కష్టంలో ఉన్న రైతు ఫోన్ చేస్తే ఓదార్చి ఊరుకోరు. సమస్య రాసుకుని సంబంధిత ఆఫీసుకు పంపి, పని అయిందా లేదా అని మళ్లీ కనుక్కుంటారు. భూమి రికార్డులు, పాసుబుక్కులు, బ్యాంకు అప్పులు, పంట నష్టం: మనసు బాగోలేనివాళ్ల కోసం పెట్టిన ఫోన్‌కు వచ్చినవి ఇలాంటి అర్జీలే. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో తెచ్చిన టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే కౌన్సెలర్ ఓపిగ్గా వింటారు. అది చిన్న సంగతి కాదు. అయితే పొద్దున లేచాక కాగితం కాగితంలాగే ఉంటుంది.

కాగితమే లేనివాళ్ల సంగతి మరీ ఘోరం. 2018లో రైతు స్వరాజ్య వేదిక, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) విద్యార్థులు తెలంగాణలో ఆత్మహత్య చేసుకున్న 692 మంది రైతుల ఇళ్లకు వెళ్లారు. చనిపోయినవాళ్లలో 75 శాతం కౌలుదార్లే. తహసీల్ ఆఫీసులో అర్జీ పెడదామన్నా కౌలుదారు దగ్గర చూపించడానికి ఏముంటుంది?

అట్లని అన్నీ పట్టాతో తీరవు. అప్పు తీరినా, పాసుబుక్కు చేతికొచ్చినా మంచం దిగలేని మనుషులుంటారు. అది జబ్బు, దానికి మందుంది. డాక్టరుకు చూపిద్దామంటే ఇంట్లో ముందు గుర్తొచ్చేది ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి. ఊళ్లో ఏమనుకుంటారోనని, బిడ్డ పెళ్లయ్యేదాకా ఆగుదామంటారు. చికిత్స అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని నిమ్హాన్స్ సర్వేనే చెప్పింది.

పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశాల చేతికి ట్యాబ్‌లిచ్చి, కుంగుబాటు ఉన్నవాళ్లను గుర్తించి పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపేలా చూశారు. తాండూరులోనూ ఆ పని చేయొచ్చు. కాకపోతే ఇక్కడి ఆశా దగ్గర పీహెచ్‌సీ నంబరుతో పాటు కిసాన్ మిత్ర నంబరూ ఉండాలి. చాలామందిని రెండు చోట్లకూ పంపాల్సి వస్తుంది.