మామూ తీసుకోని ప్యాదా

మా ననిహాల్‌లో శత్రంజ్ బిసాత్ గుడ్డది. ఎర్ర గుడ్డ మీద నల్ల దారంతో నాని కుట్టిన గళ్ళు. అస్ర్ తర్వాత వరండాలో పరిచేవాళ్ళు, మగ్రిబ్ అజాన్ వినపడగానే మడిచేయాలి, బాజీ ఎంత రసపట్టులో ఉన్నా సరే. శత్రంజ్ మక్రూహ్ అని మసీదు హజ్రత్ అనేవారు. పందెం లేకుండా, నమాజ్ ఖజా కాకుండా ఆడుకుంటే ఫర్వాలేదన్న ఉలమా కూడా ఉన్నారని మా మామూ జవాబు. ఆ బహస్ ఇంకా తెగలేదు. నేను ఇక్కడ తెంచబోవడమూ లేదు.

మామూ ఆడేది దేశీ ఆట. అందులో ప్యాదా మొదటి చాల్‌లో కూడా ఒక్క గడే నడుస్తుంది. తొందర ఉండదు. రెండు ఫౌజులూ తమ తమ ఇళ్ళు సర్దుకున్నాకే జంగ్. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, ఆనక తెలుగులో డిగ్రీకి పోయినప్పుడు నాకు అంగ్రేజీ ఆట తగిలింది. ముందు వచ్చిన తకలీఫ్ పేర్లతో. ఇంట్లో ఫీల్ ఏటవాలుగా పోయేది. ఫీల్ అంటే ఏనుగే కదా. కాలేజీలో మాత్రం ఏనుగు తిన్నగా పోతుంది, అది మా రుఖ్. ఏటవాలుగా పోయేదేమో శకటు. "ఏనుగు జరుపు" అని పక్కనున్న పిల్ల అంటే నా చెయ్యి శకటు మీదికి పోయేది. అందరూ నవ్వేవాళ్ళు. ఒక్కోసారి వ్యాకరణం క్లాసులోనూ ఇదే హాల్ నాది.

ఒకసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన చెస్ పుస్తకం దొరికింది. మొదటి పేజీలు లేవు. సరిగ్గా కింగ్స్ గాంబిట్ దగ్గర మొదలవుతుంది. తెల్లవాళ్ళు బాద్షా ముందరి ప్యాదాని రెండు గళ్ళు నడుపుతారు. ఇ4. నల్లవాళ్ళూ అదే చేస్తారు, ఇ5. రెండో చాల్‌లోనే తెల్లవాళ్ళు పక్క ప్యాదాని ఎఫ్4లో పెట్టేస్తారు. తీసుకో, ముఫ్త్. దానికి కాపలా లేదు. పైగా మన బాద్షా పక్కనున్న పర్దా మనమే తీసేసినట్టు. బదులుగా దొరికేది ఖాళీ దారి. ప్యాదా పోయిన ఎఫ్ వరస వెంట రేపు మన రుఖ్ అవతలి బాద్షా గడప దాకా పోగలదు. గాంబిట్ అనే మాట కాలు అడ్డం పెట్టి పడెయ్యడం అనే ఇటాలియన్ మాట నుంచి వచ్చిందట. 1561లోనే స్పెయిన్ పాదరీ రూయ్ లోపెజ్ తన కితాబులో దీని గురించి రాశాడు.

దేశీ ఆటలో ఈ చాలే లేదు. ప్యాదా రెండు గళ్ళు దూకదు కాబట్టి రెండో చాల్‌లో ఈ సాహసం కుదరదు. అందుకే సెలవులకి రాగానే మామూ మీద ప్రయోగించాలని దిల్ ఉరకలేసింది. అంగ్రేజీ ఖాయిదా అరగంటలో నేర్పాను. ఇ4 అన్నాను. ఆయన ఇ5. నేను ఎఫ్4. మామూ ఆ ప్యాదా వంక కళ్ళెత్తి కూడా చూడలేదు. ఫీల్‌ని తీసి సి5లో పెట్టాడు. వద్దన్నాడుగా, ఇక నాదే రాజ్యమనుకుని ఆయన ఇ5 ప్యాదాని కొట్టేశాను. మామూ వజీర్ ఏటవాలుగా హెచ్4కి వచ్చింది. షహ్! జి ప్యాదా అడ్డం పెడితే వజీర్ ఇ4 ప్యాదాని మింగి నా రుఖ్ మీద పడుతుంది. ఆ లాలచ్‌లో రుఖ్‌ని కాపాడుకుందామని బాద్షాని ఒక గడి ముందుకు జరిపాను. వజీర్ ఇ4లో దిగింది. మాత్. నాలుగు చాల్‌లు.

"క్యా గే, తూ దియే సో మై లియాచ్ నై. మేరా తూ కైకు లీ?" అన్నాడు. నువ్వు ఇచ్చింది నేను తీసుకోనే లేదు కదా, నాది నువ్వెందుకు తీసుకున్నావని.

ఆ రోజు నుంచి పట్టుదలతో చదివాను. 1851లో లండన్‌లో అడాల్ఫ్ ఆండర్సన్ ఈ గాంబిట్‌తోనే ఒక ఫీల్‌ని, రెండు రుఖ్‌లని, చివరికి వజీర్‌ని కూడా ఇచ్చేసి కీజెరిట్జ్‌కీకి మాత్ చెప్పాడు. 1960లో అర్జెంటీనాలో స్పాస్కీ దీంతో ఫిషర్‌ని ఓడించాడు. కుర్రాడు ఫిషర్‌కి ఎంత ఘుస్సా వచ్చిందంటే, మరుసటి ఏడాది వ్యాసం రాసి ఈ గాంబిట్ ఓడిపోయే ఆటేనని తేల్చాడు. డి6 దాని విరుగుడన్నాడు. మళ్ళీ తర్వాత తనే దీన్ని ఆడి గెలిచాడు! ఇప్పుడు కంప్యూటర్లు నల్లవాళ్ళదే పైచేయి అంటాయి. పెద్ద ఆటగాళ్ళు దీని జోలికి అరుదుగా పోతారు.

మామూకి మాత్రం ఇవేమీ పట్టవు. ఆయన హీరో ఒక్కడే, మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబ్ మనిషి, జమీందార్ సర్ ఉమర్ హయాత్ ఖాన్ కొలువులో ఉండేవాడు. దేశీ ఆట నుంచి అంగ్రేజీ ఆటకి మారి, 1929లో లండన్ పోయి ఆ ఏడే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత 1932, 33ల్లోనూ. కాపాబ్లాంకానే ఓడించాడు. గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు మాత్రం 2024లో ఇచ్చారు, ఆయన పోయిన 58 ఏళ్ళకి. ఇంతికాల్ అయినవాళ్ళ హిసాబ్ సరిచేయడానికి మనుషులకి ఎప్పుడూ ఇంత టైం పడుతుంది కాబోలు.

మా ఇంట్లో అలాంటి హిసాబ్ ఒకటుంది. నానా 2008లో పోయారు. నాని అంతకు ముందే పోయింది. వారసులు ఇద్దరే, అమ్మీ, మామూ. విరాసత్ లెక్క సాఫ్‌గా ఉంది. కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒకటి. అంటే ఇంట్లో మూడో వంతు అమ్మీది. 2009లో అమ్మీ రిజిస్ట్రార్ ఆఫీసుకి పోయి హక్కు వదులుకుంటూ దస్తఖత్ చేసి వచ్చింది. "నాకు మైకా దర్వాజా తెరిచి ఉంటే చాలు" అంది. రెండేళ్ళ తర్వాత ముస్లిం ఆడవాళ్ళ వాటాల మీద పేపర్లో ఒక ఐటం రాశాను. ఎంతమంది అక్కచెల్లెళ్ళు "మాఫ్ చేశాం" అన్నారో, ఆ మాట ఎంతమంది నోట ఒక్కలాగే వచ్చిందో రాశాను. అదే వేడిలో ఒక వలీమాలో పదిమంది ముందు మామూని అడిగేశాను.

అది నా తప్పే. అడగడం కాదు, పదిమంది ముందు అడగడం. ఆ తర్వాత మేమిద్దరం బిసాత్ ముందు కూచోలేదు. అమ్మీ మాత్రం ప్రతి బక్రీద్‌కీ మైకాకి పోతూనే ఉంది. దర్వాజా తెరిచే ఉంది. ఇచ్చినదానికి అది బదులేనా? నాకూ ఒక తమ్ముడున్నాడు, అబ్బా కట్టిన ఇల్లుంది. అందుకని ఈ సవాల్ అమ్మీ ఒక్కదానిదే అనుకోలేకపోతున్నాను.

పోయిన నెల మామూకి కంటి ఆపరేషన్ అయింది. చూడ్డానికి వెళ్ళాను. సలాం అయ్యాక ఇద్దరికీ మాటలు దొరకలేదు. మామీ చాయ్‌తో పాటు ఆ ఎర్ర గుడ్డ కూడా తెచ్చి మధ్యలో పెట్టింది. కుట్టు అక్కడక్కడా ఊడింది.

ఇ4. ఇ5. ఎఫ్4. మామూ చాలాసేపు చూసి, ఈసారి ప్యాదాని తీసుకున్నాడు. ఘోడాని ఎఫ్3కి తెచ్చాను. తీసుకున్న ప్యాదాని కాపాడుకోవడానికి ఆయన జి5 వేశాడు. నేను ఫీల్‌ని సి4లో పెట్టాను. ఆయన జి4 తోసి ఘోడా మీదికి వచ్చాడు. ఘోడాని కదపలేదు. ఖిలాబందీ చేశాను. దీన్ని మూజియో అంటారు. ఘోడా కూడా పోతుంది, కానీ వజీర్, రుఖ్, ఫీల్ మూడూ ఎఫ్7 వైపు చూస్తుంటాయి. దాన్ని కాసేది బాద్షా ఒక్కడే.

"ఇదీ ఇచ్చేస్తున్నావా?" అన్నాడు. అంతలో అజాన్ అయింది. గుడ్డ మడవబోయాను. "నక్కో, రహ్నే దే" అన్నాడు. మడవొద్దన్నది మా మామూయేనా అని చూశాను.

దర్వాజా దాకా వచ్చి, చెప్పులు వేసుకుంటుంటే మెల్లగా అడిగాడు. "ఆపా ఆ రోజు దిల్‌తో మాఫ్ చేసిందా బేటీ? లేక అనాలి కాబట్టి అన్నదా?"

ఇంటికొచ్చి అమ్మీకి చెప్పాను. చిక్కుడుకాయలు వలుస్తోంది. "ఇన్నేళ్ళకి అడిగాడా" అంది. మళ్ళీ వలవడం మొదలుపెట్టింది. రాత్రి పడుకునే ముందు, "కళ్ళు బాగా కనిపిస్తున్నాయంటనా వాడికి?" అని మాత్రం అడిగింది.

మర్నాడు మామూ ఫోన్. ముహ్రాలు అక్కడే ఉన్నాయట. పిల్లి రాకుండా మామీ బుట్ట బోర్లించిందట. "ఘోడా తీసుకోవాలా, వద్దా చెప్పు" అన్నాడు.

"చాల్ మీది మామూ" అన్నాను.