మామ తోటలో బతికున్న మందు

బెంగళూరులో అర్ధరాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అనంతపురం. అక్కణ్నుంచి నార్పల వైపు మామ బైకు మీద ప్రయాణం. రెండు పక్కలా ఎర్రమట్టి, చీనీ తోటలు. హైదరాబాదులో మీరు బత్తాయి అంటారే, అదే మాకు చీనీ.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు నాటిన చెట్లివి. నా బీటెక్ చివరి ఏడాది ఫీజు వీటి మొదటి కాపే. అందుకే మూడో సాలులో ఆ చెట్టును చూస్తే కడుపులో దేవినట్టయింది. ఆకులన్నీ రాలిపోయాయి, కాయలు మాత్రం వేలాడుతున్నాయి. మామ పాదు తవ్వి వేరు గీరాడు. కుళ్లు వాసన.

"ఎండు తెగులు రా. పోయినేడు సూడోమోనాస్ పోసినా. ఏమీ కాల్యా. లెక్కంతా మన్నుపాలు."

సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ అంటే మేలు చేసే బ్యాక్టీరియా. అతినీల కాంతిలో మెరుస్తుంది కాబట్టి ఆ పేరు. వేళ్ల చుట్టూ చేరి, వేరు వదిలే చక్కెరలు తిని బతుకుతుంది. మట్టిలోని ఇనుమును పట్టేసి, ఫ్యుసేరియం లాంటి చెడ్డ బూజుకు అందకుండా చేస్తుంది. బూజును అణిచే పదార్థాలూ వదులుతుంది. సీటు మీద ముందే కర్చీఫ్ వేసినట్టన్నమాట. కుళ్లిన వేరును మాత్రం తిరిగి బతికించలేదు. (మామ ట్రైకోడెర్మానూ బ్యాక్టీరియా ఖాతాలోనే వేస్తాడు. అది మంచి బూజు.)

మరి ఎందుకు పనిచేయలేదు? మోటారు షెడ్డులో పాత పాకెట్టు దొరికింది. పైన రేకులు, మే నెల ఎండ. తేదీ అప్పటికే దాటిపోయింది. పైగా అది పోసిన మూడో రోజే బంక తెగులుకని కాపర్ ఆక్సీక్లోరైడ్ పోశాడట. రాగి మందు బ్యాక్టీరియాను కూడా చంపుతుంది.

"అమ్మినోడు ఒక్క మాట చెప్పలేదు రా," అన్నాడు మామ. నేనూ చెప్పలేదు. పోయినేడు ఫోన్ చేసి అడిగితే మీటింగులో ఉన్నానని పెట్టేశాను.

ఈసారి కొత్త పాకెట్టు తెచ్చాం. మాగిన పశువుల ఎరువు, వేపపిండి, ఈ పొడి కలిపి వేపచెట్టు నీడలో కుప్ప పోసి, తడి గోనెపట్టాలు కప్పాం. పదిరోజులు ఆరనీయకూడదు. నేను బెంగళూరు వచ్చేశాక కూడా రోజూ సాయంత్రం వీడియో కాల్, "తడి సాలునా సూడు" అని.

పదకొండో రోజు మళ్లీ వెళ్లాను. డ్రిప్ వదిలి, పొద్దు వాలాక, తడిసిన పాదుల్లో తట్టలతో వేశాం. ఎండిన చెట్టు పక్కనున్న వాటికి ఒక్కో తట్ట ఎక్కువే వేయించాడు మామ. దాని దగ్గరికి మాత్రం తట్ట తీసుకెళ్లలేదు.