వేగమునకు తగిన చోటు

వేగమనిన మానవునికి మక్కువ యెక్కువ. ఎడ్లబండ్ల పందెములు, గుఱ్ఱపు పందెములు, పడవ పందెములు మన దేశమున చిరకాలముగా నున్నవి. మోటారు బండ్లు వచ్చిన పిదప ఆ మక్కువ వానిపైకి మరలినది. ఇందు దోషము లేదు. కాని వేగమునకు తగిన చోటు కలదు, తగని చోటును కలదు. ఈ రెంటికి గల భేదము నెరుగని వానికి బండి నడుపుట వచ్చినదని చెప్పజాలము.

మాది మరిపెడ. 2016 వరకు వరంగల్లు జిల్లాలో నుండి, ఆ యేట మహబూబాబాదు జిల్లాలో చేరినది. వరంగల్లునుండి ఖమ్మమునకు పోవు రహదారి మా యూరి మీదుగా సాగును. ఈ దారి బండ్లకు మాత్రమే సొంతము కాదు. మిరప తోటలకు పోవు కూలీలు తెల్లవారుచుండగనే ఆటోలలో క్రిక్కిరిసి పోవుదురు. కోతల కాలమున రైతులు వడ్లను, మొక్కజొన్నను రోడ్డు అంచున ఆరబోసి చుట్టును రాళ్లు పేర్చుదురు. బఱ్ఱెల మంద దాటుచుండ ఎంతటివాడైనను నిలువవలసినదే. చీకటి పడిన పిదప, వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రాలీలు దారిలో తగులుచుండును. ఇట్టి దారిపై కొందరు యువకులు మోటారు సైకిళ్లతో పందెములు వేసికొని పోవుట చూచినప్పుడు నా గుండె ఝల్లుమనును.

పందెగాండ్రు ప్రాణములను లెక్కచేయని వారని చాలమంది తలంతురు. అసలైన పందెపు బాటను చూచినవారికి అట్టి తలంపు నిలువదు. చెన్నై నగరమునకు సమీపమున ఇరుంగాట్టుకోట్టై యను చోట 1990లో అట్టి బాట యొకటి ఏర్పడినది. అంతకు పూర్వము షోలవరమున, రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానముల బాటపై ఈ పందెములు జరిగెడివి. ఇంజనీరైన నా మిత్రుడొకడు కొన్నియేండ్ల క్రిందట కొత్తవారి తరగతిలో చేరి అక్కడ కారు నడపెను. నేనును అతనితో పోయితిని. అక్కడికి వచ్చినవారిలో పెక్కురు పందెములను వృత్తిగా గొన్నవారు కారు. ఉద్యోగులు, వర్తకులు, విద్యార్థులు.

మొదట ప్రతి కారును పరీక్షించిరి. బ్రేకులు, టైర్లు, సీటు పట్టీలు, హెల్మెట్లు, వీనిలో ఏ యొక్కటి లోపించినను బాటపైకి పోనీయరు. పిమ్మట కొత్తవారిని కూర్చుండబెట్టి జెండాల అర్థములు చెప్పిరి. పసుపుపచ్చ జెండా కనబడిన ముందు ప్రమాదము కలదని యర్థము. వేగము తగ్గింపవలెను, ఎవరిని దాటి పోరాదు. ఎఱ్ఱ జెండా చూపిన పందెము ఆగినట్లే. నీలి జెండా చూపిన, వెనుకనుండి వేగముగా వచ్చువానికి దారి యీయవలెను. జెండాను లెక్కచేయని వాడు ఎంత నేర్పరియైనను శిక్షకు పాత్రుడగును. దారి యిచ్చుట అవమానమని అక్కడ నెవ్వరును భావింపరు.

తరువాత మలుపుల విషయము చెప్పిరి. టైరునకు రోడ్డుపై గల పట్టు పరిమితమైనది. బ్రేకు వేయుటకును, బండిని త్రిప్పుటకును ఆ పట్టే ఆధారము. రెంటిని ఒక్కసారిగా అతిగా కోరిన టైరు జారును. కావున మలుపు రాకముందే, బండి తిన్నగా పోవుచుండగనే వేగము తగ్గింపవలెను. నేర్పరి చూపు ముందున్న కారు వెనుకనే చిక్కుకొనక, దూరమున రాబోవు మలుపును వెదకుచుండును.

ఈ విద్య ధనవంతుల వినోదమేనని కొందరందురు. కోయంబత్తూరు వాసియైన ఎస్. కరివర్ధన్ 1980ల చివర మారుతి 800 కారు ఇంజనుతో, తక్కువ వ్యయమున, ఒక్కరే కూర్చుండు పందెపు కారును రూపొందించెను. అందరి ఇంజనులును ఒక్క తీరువే యగుటచే గెలుపు డబ్బుపై గాక నేర్పుపై ఆధారపడినది. 2003లో కోయంబత్తూరు సమీపమున వెలసిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టిరి.

ఆ బాటపై నేర్చినదానిని మన దారికి అన్వయించి చూడుడు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు 11 మీటర్లు పోవును. 80 కిలోమీటర్ల వేగమున 22 మీటర్లు పోవును. అపాయమును చూచి కాలు బ్రేకుపై పెట్టుటకు సుమారొక సెకను పట్టును. అంతవరకు బండి ఆ వేగముననే పోవుచుండును. బ్రేకు పట్టిన పిదప, రోడ్డు పొడిగా నున్నను, మొదటి బండి ఆగుటకు సుమారు 10 మీటర్లు, రెండవదానికి సుమారు 40 మీటర్లు కావలెను. వేగము రెండింతలైన ఈ దూరము నాలుగింతలగును! రోడ్డుపై వడ్లగింజలు పరచియున్నచో ఇంకను పెరుగును.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుసేన్‌సాగరు తీరమున విద్యుత్ కార్ల పందెము జరిగినది. సుమారు 2.8 కిలోమీటర్ల ఆ బాట నిత్యము జనులు తిరుగు రోడ్డే. కాని దానిపై వేగమున కనుమతి యిచ్చుటకు ముందు ఇరువైపుల కాంక్రీటు గోడలు నిలిపిరి. ఎదురు బండ్లు లేకుండ చేసిరి. అంబులెన్సులను సిద్ధముగా నుంచిరి. ఇన్ని యేర్పాట్లు జరిగిన పిదపనే ఆ రోడ్డు పందెపు బాట యైనది. మరిపెడ రోడ్డుపై వీనిలో ఒక్కటియు లేదు.

నా మిత్రు డొకసారి రాత్రివేళ నన్ను ఖమ్మమునుండి మా యూరికి కారులో తీసికొని వచ్చెను. బాటపై అంత వేగముగా పోయినవాడు ఇక్కడ మెల్లగా నడుపుచుండ కారణ మడిగితిని. దీపముల వెలుతురు ఎంత దూరము పడునో, అంత దూరములో ఆపగలిగిన వేగముననే పోవలెనని అతడు చెప్పెను. కొంతసేపటికి పత్తి బస్తాలతో నిండిన ట్రాలీ యొకటి, వెనుక దీపము లేక, రోడ్డుపై నిలిచియుండుట కనబడినది. అతడు కంగారు పడలేదు. కారు దానికి చాల దూరముననే నిలిచినది. ట్రాలీపై ఇద్దరు పిల్లలు నిద్రించుచుండిరి.

విద్యార్థులారా! గేర్లు గల మోటారు సైకిలు నడుపుటకు 18 ఏండ్లు నిండవలెను. అనుమతి లేక రోడ్డుపై పందెము వేయుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము నేరము. 2019లో జరిగిన సవరణచే, బాలుడు బండి నడిపి నేరము చేసినచో తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానాయు, మూడేండ్ల వరకు జైలును పడవచ్చును. అయినను శిక్షా భయముకంటె మేలైనది వివేకము. నిజమైన పందెగాడు తన నేర్పును ఎక్కడ చూపవలెనో ఎరుగును. ఎక్కడ దాచుకొనవలెనో అంతకంటె బాగుగా నెరుగును. రోడ్డుపై మనతో పోటీకి వచ్చినవా డెవ్వడును లేడు. అందరును ఇల్లు చేరవలసినవారే.